తాళం వేశాక ఇంకోసారి లాగి చూడండి

జంతువుల గురించి ఏదైనా అడగమని పోయిన సంచికలో అన్నాం. ఏనుగుల మీద ఎక్కువ ప్రశ్నలు వస్తాయనుకుంటే, చాలామంది సింహాలు, ఎలుగుబంట్లు, వాటిని చూసుకునే కీపర్ల గురించే అడిగారు. ఈ రెండింటి దగ్గరా చాలా ఏళ్లు పనిచేసినవాణ్ని కాబట్టి జవాబులు చెప్పే పని నా మీద పడింది. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపేశాను. పేర్లు వేయడం లేదు.

పొద్దున్నే మాంసం పడేసి, బోను కడిగేస్తే కీపర్ పని అయిపోయినట్టే కదా? మిగతా రోజంతా ఏం చేస్తారు? – ఒక డిగ్రీ విద్యార్థి

మాంసం వేయడం మొత్తం పనిలో చిన్న ముక్క తమ్ముడూ. రాత్రి జంతువులు పడుకునే గదులను నైట్‌హౌస్ అంటాం. పొద్దున అక్కడికి వెళ్లాక ముందు బయటే కాసేపు నిలబడి వింటాం, వాసన చూస్తాం, ఆ తర్వాత లెక్క పెట్టుకుంటాం. ఎన్ని ఉండాలో అన్నీ కళ్లకు కనబడేదాకా ఏ గడియ మీదా చెయ్యి పడదు. రోజూ తాళాల చప్పుడు వినగానే లేచొచ్చి జాలీకి మొహం రాసుకునే ఆడ సింహం ఇవాళ పడుకున్న చోటి నుంచే చూస్తూ ఊరుకుందంటే అది పెద్ద వార్త. కాలు నొప్పా, కడుపు బాగోలేదా, ఎదకొచ్చిందా, రాత్రి పక్కదానితో గొడవపడిందా అని ఆలోచన మొదలవుతుంది. అడవి జంతువు నొప్పిని చివరిదాకా దాచుకుంటుంది, అది బయటపెట్టేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది, అందుకే ఆ మొదటి పది నిమిషాల చూపు రోజంతటిలో ఖరీదైన పని అంటాను.

తర్వాత వాటిని బయటి ఆవరణలోకి వదలాలి. కానీ అంతకుముందు ఆ ఆవరణంతా ఒక చుట్టు తిరగాలి. గాలికి కొమ్మ విరిగి కంచె మీద పడిందా, కరెంటు తీగ పనిచేస్తోందా, నిన్న ఎవరైనా ప్లాస్టిక్ సీసా విసిరి పోయారా అని చూసుకుంటాం. అవి బయటికి వెళ్లాక గదులు కడగడం. కడిగే ముందు మలం చూడాలి, రంగు, గట్టితనం, అందులో ఎముక ముక్కలు, పురుగులు అన్నీ. ఒకే గదిలో రెండు మూడు జంతువులుంటే ఏది ఎవరిదో తెలియదు కదా, అందుకని చాలా జూల్లో ఒకదాని మాంసంలో తినే రంగు, ఇంకోదాని దాంట్లో హాని చేయని మెరుపు పొడి కలిపి పెడతారు. మర్నాడు పొద్దున తళతళలాడే కుప్పను పారతో ఎత్తి డబ్బాలో వేసి ల్యాబ్‌కి పంపుతారు. నవ్వొస్తుంది గానీ, పురుగులున్నాయా, గర్భం నిలిచిందా, జంతువు టెన్షన్‌లో ఉందా అన్నది చాలావరకు అక్కడే తెలుస్తుంది.

మధ్యాహ్నం తిండి తూకాలు, ట్రైనింగ్, పుస్తకంలో రాసుకోవడం. సాయంత్రం మళ్లీ లోపలికి పిలవాలి. పిలిస్తే రావడానికి అదేమీ మన మాట వినే రకం కాదు, లోపల తిండి ఉందని తెలుసు కాబట్టి వస్తుంది. అసలు భోజనం చాలాచోట్ల సాయంత్రమే పెట్టడానికి కారణం ఇదే.

వీడియోల్లో కీపర్లు సింహాలను కౌగిలించుకుంటారు. మీరు లోపలికి వెళ్లేవారా? – ఇదే ప్రశ్న చాలామంది అడిగారు

వెళ్లేవాణ్ని కాదు. పద్ధతిగా నడిచే జూల్లో పెద్ద సింహం ఉన్న గదిలోకి కీపర్ అడుగు పెట్టడు, మధ్యలో ఎప్పుడూ జాలీయో కంచెయో ఉంటుంది. దీన్ని ప్రొటెక్టెడ్ కాంటాక్ట్ అంటారు. సింహాన్ని పక్క గదిలోకి పంపి, మధ్య తలుపు దించి, గడియ పెట్టి, తాళం వేసి, ఆ తాళాన్ని లాగి చూసి, జంతువు అవతలే ఉందని మళ్లీ కళ్లతో చూసుకున్నాకే ఇవతలి గదిలోకి వెళ్లాలి. మధ్యలో ఫోన్ మోగినా, ఎవరైనా పిలిచినా, ఈ వరసంతా మొదటి నుంచి చేయాలి. కీపర్లు గాయపడ్డ ఘటనలు వింటే చాలావాటిలో సింహం కొత్తగా చేసిందేమీ ఉండదు, ఎక్కడో ఒక తలుపు తెరిచి ఉంటుంది.

చిన్నప్పటి నుంచి పెంచాం కాబట్టి ఏమీ అనదు అనేవాళ్లకు ఒక మాట. 2018లో అమెరికాలోని ఇండియానాపోలిస్ జూలో ఒక ఆడ సింహం తన జోడీనే చంపేసింది. రెండూ ఎనిమిదేళ్లు కలిసి ఉన్నాయి, పిల్లలు కూడా ఉన్నాయి. తన జాతి తోడుకే భరోసా లేని చోట మనకేం ఉంటుంది? ఇక కౌగిలింతల వీడియోల సంగతంటారా, వాటిలో ఎక్కువ భాగం తల్లి దగ్గర నుంచి చిన్నప్పుడే లాగేసి, సీసా పాలతో పెంచిన పిల్లలవే. అవి పెరిగి, ఫొటోలకు పనికిరాని వయసు వచ్చాక ఎక్కడికి పోతున్నాయో ఆ వీడియోలు పెట్టినవాళ్లనే అడగండి.

సింహం ప్రమాదమా, ఎలుగుబంటి ప్రమాదమా?

నన్నడిగితే ఎలుగుబంటి. సింహానికి కోపమొస్తే చెవులు వెనక్కి పోతాయి, తోక కొట్టుకుంటుంది, గొంతులోంచి శబ్దం వస్తుంది, మొత్తానికి మనకు ముందే తెలుస్తుంది. ఎలుగు మొహంలో అంత తేలిగ్గా ఏదీ కనబడదు. ఒక్క క్షణం ముందు దాకా తేనె నాకుతూ ఉంటుంది, తర్వాతి క్షణంలో జాలీని పంజాతో కొడుతుంది. పైగా దాని గోళ్లు పిల్లి గోళ్లలా లోపలికి పోవు, ఎప్పుడూ బయటే. తెలివీ ఎక్కువే. వదులుగా ఉన్న బోల్టు, సరిగ్గా పడని గడియ, నేలలో మెత్తగా ఉన్న చోటు మీకంటే ముందు దానికే దొరుకుతాయి, తోచకపోతే రోజంతా ఆ ఒక్క బోల్టు మీదే కూర్చుంటుంది.

సింహానికి రోజూ మాంసం పెడతారా?

అన్నిచోట్లా పెట్టరు. అడవిలో అది రోజూ తినదు, దొరికిన రోజు కడుపు పగిలేలా తిని తర్వాత పస్తుంటుంది, అందుకని చాలా జూల్లో వారంలో ఒకటి రెండు రోజులు ఉపవాసమో ఉత్త ఎముకలో ఉంటాయి. మెత్తటి మాంసమే మంచిదనుకుంటే పొరపాటు. ఎముక లేని మాంసంలో కాల్షియం చాలా తక్కువ, అది మాత్రమే తిన్న సింహం పిల్లల ఎముకలు వంగిపోతాయి, కుంటుతాయి. విటమిన్ ఏ చాలకపోతే సింహాల్లో పుర్రె ఎముక మందమై మెదడును నొక్కుతుంది, తల ఒకపక్కకు వాల్చి తూలుతూ నడుస్తాయి. అలాగని కాలేయం అదేపనిగా పెడితే ఆ విటమిన్ ఎక్కువై ఇంకో రోగం. అందుకే తూకం.

మొన్న జూలో ఒక ఎలుగుబంటి అటూ ఇటూ ఊగుతూ తల తిప్పుతోంది. డాన్స్ చేస్తోందని మా బాబు చప్పట్లు కొట్టాడు. నాకెందుకో అనుమానంగా ఉంది. – ఒక తల్లి

మీ అనుమానం నిజమేనమ్మా, అది డాన్స్ కాదు. ఒకే గీత మీద పది అడుగులు వెళ్లడం, అదే చోట తిరగడం, తల అదే వైపు ఊపడం, ఇలా ఏ పనికీ సంబంధం లేకుండా గంటల తరబడి సాగితే జంతువుకు చేయడానికి ఏమీ లేదని అర్థం, లేదా ఒకప్పుడు లేదని. ముక్కుకు తాడు వేసి ఆడించిన ఎలుగుబంట్లను విడిపించి మంచి చోట ఉంచాక కూడా కొన్ని ఏళ్ల తరబడి అలాగే ఊగుతూ ఉంటాయి. అందువల్ల చూడగానే ఆ జూవాళ్లది తప్పనలేం. సాయంత్రం తిండి వేళకు ముందు కాసేపు తలుపు దగ్గర తచ్చాడటం వేరే సంగతి, అది ఆకలి.

అడవిలో ఎంత ఎక్కువ దూరం తిరిగే జంతువైతే బోనులో అంత ఎక్కువ ఇబ్బంది పడుతుందని క్లబ్, మేసన్ అనే ఇద్దరు పరిశోధకులు 2003లో నేచర్ అనే సైన్స్ పత్రికలో రాశారు. ధ్రువపు ఎలుగుబంటికి జూలో దొరికే చోటు, అడవిలో అది తిరిగే ప్రాంతంలో దాదాపు పది లక్షల వంతు అని వాళ్ల లెక్క. ఆ లెక్క చదివాక, కొన్ని జంతువులను అసలు ఉంచుకోకపోవడమే నయం అనిపించింది నాకు, ఇప్పటికీ అదే అభిప్రాయం. ఉన్నవాటి విషయంలో మాత్రం చోటు ఎంతన్నదానికంటే ఆ చోటులో ఏముందన్నది ముఖ్యమని స్విట్జర్లాండ్‌లో జూలు నడిపిన హైనీ హెడిగర్ 1940ల్లోనే చెప్పాడు, కీపర్ చేతిలో ఉన్నదీ అదే.

ఎలుగుకి తిండిని గిన్నెలో పెడితే అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అదే తిండిని గడ్డిలో చల్లితే, రాళ్ల కింద దాస్తే, మంచుగడ్డలో పండ్ల ముక్కలు పెట్టి ఇస్తే సగం పూట గడుస్తుంది. మన వైపు కనబడే నల్ల ఎలుగు అడవిలో చెదపుట్టలు తవ్వుకు తింటుంది, దానికి దుంగకు రంధ్రాలు చేసి లోపల తేనె పూసి ఇస్తాం. ఒకసారి దగ్గర నుంచి చూడండి. ముందు పంజాతో గీకుతుంది, తర్వాత మూతి ఆనించి ఉఫ్‌మని ఊది దుమ్ము పోగొడుతుంది, ఆపైన ముక్కు రంధ్రాలు మూసుకుని, పెదాలు గొట్టంలా ముందుకు చాచి జుర్రుమని లాగుతుంది. పై వరస ముందు పళ్లు రెండు దానికి ఉండవు, ఆ సందులోంచే లోపలికి పోతుంది. ఆ చప్పుడు వంద మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుంది. ఈసారి మీ బాబుకి అది చూపించండి, చప్పట్లు అప్పుడు కొట్టొచ్చు.

సింహానికి ఇంజక్షన్ ఎవరు చేస్తారు? ఎలా చేస్తారు?

ఇదివరకు మత్తు బాణమే గతి. ముసలి జంతువుకు మత్తంటే ప్రతిసారీ ప్రాణం మీది పనే. ఇప్పుడు చాలాచోట్ల జంతువుకే నేర్పుతున్నారు. కర్ర చివర బంతి, చేతిలో విజిల్, పట్టకారుతో మాంసం ముక్క. బంతికి ముక్కు ఆనిస్తే విజిల్, వెంటనే ముక్క. అలా కొన్ని నెలలకు సింహం జాలీ పక్కనే ఒరిగి పడుకుంటుంది, రెండో కీపర్ కింది సందులోంచి తోకను బయటికి తీసి పట్టుకుంటాడు, డాక్టర్ తోక నరం నుంచి రక్తం తీస్తారు. ఎలుగైతే ఒక గొట్టంలోకి చెయ్యి చాచి చివరనున్న కడ్డీ పట్టుకుంటుంది, ఇటు నోటికి తేనె అందుతూనే ఉంటుంది, అటు సూది పని అయిపోతుంది. ఇష్టం లేకపోతే లేచి వెళ్లిపోవచ్చు, వెళ్లిపోతే తిట్టకూడదు, తిండి మానిపించకూడదు. ఈ నియమం పాటించకపోతే ట్రైనింగంతా నాలుగు రోజుల్లో పాడైపోతుంది.

టికెట్ కొని వెళ్తే సింహం పడుకునే ఉంది. లేపమంటే కీపర్ కసురుకున్నాడు.

మంచి పని చేశాడు. సింహం రోజుకి పదహారు నుంచి ఇరవై గంటలు పడుకుంటుంది, అడవిలో అయినా అంతే. చూడాలంటే గేటు తెరవగానే వెళ్లండి, లేదంటే మూసే వేళకు. గర్జనలూ అప్పుడే ఎక్కువ, ఆ శబ్దం ఎనిమిది కిలోమీటర్ల దాకా పోతుంది, రాయి విసరక్కర్లేదు.

ఆడ సింహానికి జూలు వచ్చిందని ఎక్కడో చదివాను. నిజమా?

నిజమే. అమెరికాలో ఓక్లహోమా సిటీ జూలో బ్రిడ్జెట్ అనే పద్దెనిమిదేళ్ల ఆడ సింహానికి 2017లో చిన్న జూలు మొదలైంది, రక్తం పరీక్షిస్తే ఒక మగ హార్మోన్ ఎక్కువగా ఉన్నట్టు తేలింది. దీనికి తిరగేసినదీ ఉంది, మగవాటికి వృషణాలు తీసేస్తే జూలు రాలిపోతుంది.

జలుబు చేసినా డ్యూటీకి వెళ్తారా?

పిల్లిజాతి దగ్గరికి వెళ్లకూడదు. 2020 ఏప్రిల్‌లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో ఒక పులికి, ఆ తర్వాత సింహాలకూ కోవిడ్ వచ్చింది, మనుషుల నుంచే. ఇంట్లో కుక్క ఉన్న కీపర్ బట్టలు, బూట్లు మార్చుకున్నాకే లోపలికి వెళ్లాలి, ఎందుకంటే కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి సింహాల్లో దాదాపు మూడో వంతును తీసుకుపోయింది.

మా ఆయన సింహాల కీపర్. ఈమధ్య ఆయన చూసుకునే ముసలి సింహం పోయింది. అప్పటి నుంచి సరిగా తినరు, మాట్లాడరు. జంతువు కోసం ఇంతలా బాధపడతారా? – పేరు వద్దన్న పాఠకురాలు

పడతారమ్మా. అడవిలో పది, పన్నెండేళ్లు బతికే సింహం జూలో ఇరవై దాకా వస్తుంది, వచ్చేసరికి కిడ్నీలు పోతాయి, కీళ్లు పట్టేస్తాయి. చివరికి ఇక బాధపెట్టకుండా నిద్రపుచ్చేద్దామా అన్న ప్రశ్న వస్తుంది. నిర్ణయం డాక్టర్లదే గానీ వాళ్లు ముందు అడిగేది కీపర్‌నే. ఎన్ని రోజులుగా తినట్లేదు, పిలిస్తే లేస్తోందా, మంచి రోజులు ఎక్కువా చెడ్డ రోజులు ఎక్కువా అని. అంటే రోజూ తాను రాసుకున్న పుస్తకమే దాని చావు తేదీని తేల్చినట్టు అనిపిస్తుంది మనిషికి. ఆ బరువు ఇంట్లో చెప్పుకోవడానికి మాటలు దొరకవు, "జంతువే కదా" అంటారేమోనన్న భయం ఒకటి.

ఇంకో సంగతి, మర్నాడు పొద్దున ఆయన అదే గదికి వెళ్లాలి. పోయినదాని జోడీ అక్కడే ఉంటుంది, కొన్ని రోజులు పిలుస్తూ ఉంటుంది, సరిగా తినదు, దాన్ని చూసుకోవలసిందీ ఈయనే. సలహాలేమీ చెప్పకండి. అది ఎలా ఉండేదో, దాని అలవాట్లేంటో అడగండి. ఒక్కసారి మొదలుపెడితే ఆయనే చెబుతారు. రెండు మూడు వారాలైనా నిద్ర, తిండి కుదుటపడకపోతే మాత్రం డాక్టర్‌కి చూపించడానికి మొహమాటపడొద్దు.

నాకు జంతువులంటే ప్రాణం. కీపర్ అవుతానంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి? – ఇంటర్ విద్యార్థిని

ముందు నువ్వు ఒప్పుకున్నావో లేదో చూసుకో తల్లీ. ప్రాణం అనేవాళ్లు చాలామంది వస్తారు, నెల తిరిగేసరికి సగం మంది ఉండరు, ఎందుకంటే పనిలో ఎక్కువ భాగం పార, చీపురు, నీళ్ల పైపు, పచ్చిమాంసం, వర్షంలో కంచె చుట్టూ నడక. పండగైనా ఆదివారమైనా అవి తినాలి కాబట్టి సెలవులు అందరితో పాటు రావు. దగ్గర్లోని జూలో వాలంటీర్లను తీసుకుంటారేమో కనుక్కుని, సెలవుల్లో కొన్నాళ్లు చేసి చూడు. జంతుశాస్త్రం చదివితే పనికొస్తుంది. ధైర్యం ఉండాలా అని కూడా అడిగావు, అతి ధైర్యం ఉన్నవాళ్లను మేం సింహాల వైపు పంపం. వేసిన తాళాన్ని అనుమానంతో మళ్లీ వెనక్కొచ్చి లాగి చూసే అలవాటు నీకుంటే, ఇంట్లోవాళ్లు దాన్ని చాదస్తం అంటుంటే, నువ్వు మాకు కావాలి.

వచ్చే నెల ఏనుగులు, మావటీలు. ఒక ఉత్తరంలో ఒకే ప్రశ్న అడగండి, ఈసారి ఒకరు పదకొండు అడిగారు, అందులో తొమ్మిది పాముల గురించి.