ఒకే నగరంలో పేదలు ముందుగా చనిపోవడానికి వాళ్ల అలవాట్లే కారణమా?

అలవాట్ల పాత్ర కొంత ఉంది. కానీ అసలు కారణం అదే అనుకుంటే పొరపాటు. నర్సుగా ఆరేళ్లు ఒక పెద్ద ఆసుపత్రి మధుమేహ విభాగంలో, ఆ తర్వాత అదే నగరంలో కూలీలు ఎక్కువగా ఉండే వాడలోని ఉచిత వైద్య కేంద్రంలో పనిచేశాను. రెండు చోట్లా అదే జబ్బు, అవే మాత్రలు. కాలికి పుండు పడితే అక్కడ మర్నాడే వచ్చేవారు, ఇక్కడ మూడు వారాలకు వచ్చేవారు.

బరువులు మోసే ఒకాయన కాలికి గుడ్డ చుట్టి, దానిమీద ప్లాస్టిక్ సంచి కట్టుకుని వచ్చాడు. విప్పి చూస్తే బొటనవేలు నల్లబడి ఉంది. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు?" అని గద్దించాను. "ఒక్క పూట మానేస్తే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారమ్మా" అన్నాడు. రోజుకు రెండు వేసుకోవలసిన మాత్రలు, ఎక్కువ రోజులు వస్తాయని ఒక్కటే వేసుకుంటున్నాడు. కాలు ఎలా కాపాడుకోవాలో అడిగితే తడుముకోకుండా చెప్పాడు. తెలియక కాదు, వీలుకాక. వేలు తీసేశారు, పని పోయింది, రెండేళ్లు తిరగకుండానే ఆయనా పోయాడు. ఆనాటి నా గద్దింపు తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

వైద్యం ఉచితమైతే చాలదా అని కూడా కొందరు అడుగుతారు. బ్రిటన్‌లో ఉచితమే. అయినా గ్లాస్గో నగరంలో పేదలు ఉండే కాల్టన్‌లో పుట్టిన మగబిడ్డ ఆయుర్దాయం 54 ఏళ్లు, కొద్ది కిలోమీటర్ల దూరంలో కలిగినవాళ్లు ఉండే లెంజీలో 82 ఏళ్లు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘం 2008లో తన నివేదికలో రాసింది. ఆ సంఘానికి అధ్యక్షుడైన మైకేల్ మార్మట్ అంతకుముందు లండన్ ప్రభుత్వ ఉద్యోగులపై 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో పనిచేశారు. అందులో అట్టడుగు హోదాలోని మగవాళ్ల మరణాల రేటు పైఅధికారులతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. వాళ్లంతా నెల జీతం అందుకునేవాళ్లే, పస్తులున్నవాళ్లు కారు. పొగతాగడం, రక్తపోటు వంటివి లెక్కలోకి తీసుకున్నా గుండెజబ్బు మరణాల్లో తేడా చాలావరకు అలాగే మిగిలింది. తన పని మీద, తన వేళల మీద తనకు అధికారం లేకపోవడం కూడా ఒంటిని తినేస్తుందని ఆ తర్వాతి పరిశోధనలు చెప్పాయి. ఈ మాట నాకు కొత్తగా అనిపించలేదు.

మా కేంద్రం సాయంత్రం నాలుగింటికే మూసేసేవారు. పనివాళ్లు అప్పటికి ఇల్లు చేరేవాళ్లే కాదు. పట్టుబట్టి రాత్రి తొమ్మిది దాకా తెరిపించాం. గోరుచుట్టు, చిన్న బొబ్బ ఉండగానే వచ్చి కాలు చూపించుకునేవాళ్లు ఆ నెల నుంచే మొదలయ్యారు.