సూపర్ బౌల్ పార్టీకి సున్నుండలు పెట్టొచ్చా? పెట్టొచ్చు

అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళు జనవరి ఆఖరుకి తప్పకుండా అడిగే సందేహం ఇది. మా వాడి క్లాసు పిల్లలూ వాళ్ళ అమ్మానాన్నలూ సూపర్ బౌల్ చూడ్డానికి మా ఇంటికి వస్తామన్నారు, మాకా ఆట ఓనమాలు కూడా తెలియవు, తినడానికి ఏం పెట్టాలండీ అని. సూపర్ బౌల్ అంటే ఇక్కడి ఫుట్‌బాల్‌లో ఏటా జరిగే ఫైనల్. ఆట సంగతి వదిలేయండి, వచ్చినవాళ్ళలో సగం మంది మధ్యలో వచ్చే పాటల కార్యక్రమానికీ ప్రకటనలకీ వస్తారు. తిండి సంగతే చూద్దాం.

ముందు టైము. ఫిబ్రవరి రెండో ఆదివారం, మేముండే డాలస్ వైపు సాయంత్రం ఐదున్నరకి మొదలవుతుంది, న్యూజెర్సీలో ఆరున్నర, కాలిఫోర్నియాలో మూడున్నర. నాలుగు క్వార్టర్లు, ఒక్కోటి 15 నిమిషాలే అంటారు గానీ గడియారం ఆగుతూ సాగుతూ మూడున్నర గంటల పైనే పడుతుంది. కాబట్టి ఒక్కసారి వడ్డించి చేతులు కడుక్కునే భోజనం కాదు, గంటలకొద్దీ చేత్తో తీసుకుని తినేవి కావాలి.

మేం వచ్చిన మొదటి ఏడాది నేనూ అందరిలాగే షాపుకి పోయి మార్ష్‌మాలోలు తెచ్చి, వెన్నలో కరిగించి, బియ్యప్పేలాల సీరియల్ కలిపి పిల్లలతో బంతులు చేయించాను. భలే వచ్చాయి. తీరా వచ్చినవాళ్ళలో శాకాహారి ఒకావిడ ప్యాకెట్ వెనక చదివి, ఇందులో జెలటిన్ ఉందండీ అని మెల్లగా చెప్పింది. జెలటిన్ అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది, ఇక్కడ మార్ష్‌మాలోల్లో ఎక్కువగా పంది నుంచి తీసినదే వాడతారు. మా అత్తగారు అప్పటికే రెండు తినేశారు. ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు. అందుకని మీరు శాకాహారులైతే ప్రతి ప్యాకెట్ తిప్పి చదవండి. రీఫ్రైడ్ బీన్స్ డబ్బాల్లో కొన్నిట్లో పంది కొవ్వు ఉంటుంది, వూస్టర్‌షైర్ సాస్‌లో చేపలుంటాయి, పేరు చూస్తే తెలియదు.

ఆ మరుసటి ఏడాది నుంచి మా ఇంట్లో సున్నుండలే. నవ్వకండి, ఆలోచించండి. ఇక్కడి ఫుట్‌బాల్ గుండ్రంగా ఉండదు, రెండు కొసలూ కోసుగా, తోలు రంగులో ఉంటుంది. పొట్టు మినప్పప్పుతో, బెల్లంతో చేసిన సున్నుండ రంగు అచ్చం అదే. పైగా చుట్టేటప్పుడు పొయ్యి పని లేదు, వేడి పాకం లేదు, ఐదేళ్ళ పిల్ల కూడా చేయగలదు. మరమరాల ఉండలైతే పాకం వేడిమీదే చుట్టాలి, చేతులు కాల్తాయి, వద్దు.

రెండు కప్పుల పప్పు సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, బాగా చల్లారాక పొడి కొట్టండి. ఇది పెద్దవాళ్ళ పని, శనివారం పొద్దున్నే అయిపోవాలి. ఒకటిన్నర కప్పు బెల్లం తురుము కలిపి మళ్ళీ ఒక తిప్పు తిప్పండి. అర కప్పు నెయ్యి గోరువెచ్చగా చేసి కొంచెం కొంచెంగా పోస్తూ, పిడికిట్లో నొక్కితే నిలిచేదాకా కలపండి, చాలకపోతే ఇంకో రెండు చెంచాలు. ఇక పిల్లల్ని పిలవండి. ముందు మామూలు ఉండలాగే గట్టిగా చుట్టించి, తర్వాత రెండు అరచేతుల మధ్య పెట్టి ఒక్కసారి ముందుకీ వెనక్కీ దొర్లిస్తే పొడుగవుతుంది, అప్పుడు కొసలు వేళ్ళతో చిదమాలి. పిల్లలు కొసలు లాగుతారు, అవి విరుగుతాయి. లాగొద్దు, నొక్కండి అని ఓ పదిసార్లు చెప్పాల్సి వస్తుంది. ఫిబ్రవరి చలికి నెయ్యి పేరుకుని పావుగంటలో గట్టిపడతాయి. అప్పుడు తెల్ల ఐసింగ్ ట్యూబుతో నడుమ ఒక నిలువు గీత, దాని మీద నాలుగు చిన్న అడ్డగీతలు. అంతే, బంతి కుట్లు వచ్చేశాయి. మావాడు వేసిన మొదటివి జెర్రిలాగా వచ్చాయి, అవే ముందు ఖర్చయ్యాయి.

కారానికి ఒక మైదానం చేయండి. గాజు ట్రేలో పచ్చగా పరిచి, అసలు మైదానం మీద ఉండే గజాల గుర్తుల్లాగే పది, ఇరవై, ముప్పై, నలభై, మధ్యలో యాభై, మళ్ళీ నలభై నుంచి పదికి దిగుతూ గీతలు వేయడం పిల్లలకి లెక్కల పనిలా కూడా ఉంటుంది. నేను ఒకసారి కొబ్బరి కొత్తిమీర పచ్చడి పరిచి చూశాను, నీరు వదిలి సగం ఆటకల్లా గీతలన్నీ కలిసిపోయాయి. అవకాడో మెత్తగా మెదిపి, నిమ్మరసం పిండి, పచ్చిమిర్చి తగ్గించి పరచడం మేలు. గీతలకి గుడ్డలో వడకట్టిన గట్టి పెరుగు జిప్‌లాక్ కవరులో పోసి మూల కత్తిరించండి. మిర్చి బజ్జీలు కావాలంటే ముందే వేయించుకోండి, జనం వచ్చాక మూకుడు పెడితే పొగ అలారం మోగుతుంది.

పిలిచేటప్పుడే అలర్జీల సంగతి మెసేజ్ పెట్టి అడగండి, ఇక్కడ ఎవరూ తప్పుగా అనుకోరు. సున్నుండలో పల్లీలు, జీడిపప్పు వేయకండి. చూడ్డానికి పీనట్ బటర్ ఉండలా ఉంటుంది కాబట్టి పక్కన చీటీ రాసి పెట్టండి, నెయ్యి ఉందని కూడా రాయండి, పాలు పడని పిల్లలుంటారు. నాలుగేళ్ళలోపు వాళ్ళ చేతికి పాప్‌కార్న్ ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడుతుంది. పెరుగు, అవకాడో రెండు గంటలకి మించి బయట ఉంచకండి, సగం ఒకసారి, సగం హాఫ్‌టైమ్‌కి తీయండి.

టచ్‌డౌన్‌కి, అంటే బంతిని అవతలి జట్టు కొసకి చేర్చిన ప్రతిసారీ, ఒక సున్నుండ తినాలి అనే ఆట మాత్రం పెట్టకండి. 2019లో ఆట మొత్తానికి పడింది ఒక్కటే, స్కోరు 13-3. ఆ రాత్రి పిల్లల ముఖాలు చూడాల్సింది.

ఇంకోటి, టీవీ రిమోట్‌ని కూడా ఒక జిప్‌లాక్ కవరులో పెట్టేయండి. మా ఇంట్లో వాల్యూమ్ బటన్ ఇప్పటికీ నెయ్యి వాసనే.