మ్యూల్ డీర్‌కి .223 చాలుతుందా? (సమాధానం)
అమెరికాలోని కొలరాడోలో మ్యూల్ డీర్ (అక్కడి ఒక రకం జింక) మొదటి వేటకి మీ .223 రైఫిల్ తీసుకెళ్లొచ్చా అని అడిగారు. చాలదు. కొలరాడోలో జింకకు రైఫిల్ కనీసం .24 కాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో) ఉండాలి. మీ దగ్గరున్న .223 తూటా వ్యాసం .224 అంగుళాలే. ఈ ట్యాగ్‌కి (వేట అనుమతికి) దాన్ని ఇంట్లోనే ఉంచండి.

1. .243 విన్‌చెస్టర్, 6.5 క్రీడ్‌మోర్, .308: ఈ కాలిబర్లలో ఏదైనా సరిపోతుంది. మొదటి వేట అంటున్నారు, నేనైతే 6.5 తీసుకుంటా. భుజానికి తన్ను తక్కువ. మాగ్నమ్ (ఎక్కువ మందుతో గట్టిగా తన్నే రకం) జోలికి పోకండి, దెబ్బకి భయపడి ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కళ్లు మూసేస్తారు.

2. చాలామంది మర్చిపోయేది తూటా రకం. రేంజ్‌లో కాల్చే చవక ఎఫ్‌ఎంజే (ఫుల్ మెటల్ జాకెట్, లోహపు తొడుగున్న తూటా) ఒంట్లో విచ్చుకోదు. సన్నటి రంధ్రం చేసి అవతలికి పోతుంది. జింక ఆ గాయంతోనే పరుగెత్తి, ఎక్కడో పొదల్లో నరకయాతన పడి చస్తుంది. కాలిబర్ ఎంత పెద్దదైనా ఇదే కథ. డబ్బా మీద సాఫ్ట్ పాయింట్ లాంటి విచ్చుకునే రకం అని ఉందో లేదో చూడండి. అక్కడి నిబంధన కూడా అదే: విచ్చుకునే తూటా, బరువు కనీసం 70 గ్రెయిన్లు (సుమారు 4.5 గ్రాములు), 100 గజాల దగ్గర కనీసం 1,000 ఫుట్-పౌండ్ల శక్తి.

3. వేటకి కొన్న ఆ తూటాలతోనే రైఫిల్‌ని మళ్లీ జీరో చేయండి (గురిపెట్టిన చోటే తగిలేలా సరిచేయండి). రకం మారితే దెబ్బ తగిలే చోటూ మారుతుంది.

4. జింక పక్కకి తిరిగి నిలబడితేనే, ముందుకాలి వెనక ఛాతీకి గురి పెట్టండి. లేదంటే వదిలేయండి.