641 చూసి బెంబేలెత్తకు, అల్లుడూ

చి. మేనల్లుడికి,

మావయ్య దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. దాళ్వా కోతలు అయిపోయాయి, కాలవలు కట్టేశారు. మీ అత్త ఊరగాయ జాడీలు కడిగి ఎండలో బోర్లించింది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన సిబిల్ రిపోర్టు, అదే నీ అప్పుల చరిత్ర కాగితం, ఫోనులో కళ్ళకి ఆనలేదు. పాలకొల్లు వెళ్ళినప్పుడు ప్రింటు తీయించుకొచ్చి, పెన్సిల్ పట్టుకుని రెండు సాయంత్రాలు కూర్చున్నాను. ముప్పై ఏళ్ళు సొసైటీలో బాకీల లెడ్జర్ రాసినవాణ్ణి కదా, కాగితం మీద గళ్ళూ అంకెలూ కనిపిస్తే ఇప్పటికీ ఊరుకోలేను.

'బ్యాంకు మేనేజరు తల కూడా ఎత్తకుండా సిబిల్ స్కోరు 641, ఇంటిలోను రాదు అనేశాడు మావయ్యా, భీమవరంలో నా మాటకి ఎంత విలువుందో వాడికేం తెలుసు' అని ఫోనులో గోల పెట్టావు. నిజమే, వాడికి తెలీదు. తెలిసే దారీ లేదు. మా సొసైటీ బోర్డు మీద 'వ్యవసాయ పరపతి సంఘం' అని ఉండేది. పరపతి అంటే అప్పు, పరపతి అంటే పలుకుబడి, రెంటికీ ఒకటే మాట. ఆ రోజుల్లో అది సరిపోయేది. అప్పుకి వచ్చినవాడి తాత ఎవరో, చేను ఏ బోదె కింద ఉందో, కిందటేడు సార్వా మునిగిందో లేదో చూసి మాట్లాడేవాళ్ళం. ఇప్పుడు ఆ రెండు అర్థాలూ విడిపోయాయి. మోటార్ల వైండింగుకి రాగి తీగ ఇచ్చే కొట్టువాడికి నువ్వు రూపాయి ఎగ్గొట్టలేదు. చీటీ పాడుకున్న ప్రతిసారీ చివరి నెల దాకా కట్టావు. మీ నాన్న రాసిన ప్రోనోటు నువ్వే తీర్చావు. ఇందులో ఒక్క ముక్క కూడా ఆ రిపోర్టుకి ఎక్కదు. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు పంపించే లెక్క ఒక్కటే అక్కడికి చేరుతుంది. అంచేత కోపం పక్కన పెట్టి, ఆ లెక్కలో నీ గురించి ఏం రాసుందో చూద్దాం.

ముందు అంకె సంగతి. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. 750 దాటితే బ్యాంకులు నవ్వుతూ మాట్లాడతాయి, వడ్డీ కూడా కాస్త తగ్గిస్తాయి. అప్పే తీసుకోనివాడికి అసలు అంకే రాదు. వాడి గురించి చెప్పడానికేమీ లేదని అర్థం. మనం అన్నిటినీ సిబిల్ అనేస్తాం గానీ ఇలాంటి కంపెనీలు నాలుగున్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కోదాన్లో స్కోరు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, దానికి కంగారు పడకు. ఏడాదికోసారి ప్రతి కంపెనీ పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు రూలు. నీ రిపోర్టు నువ్వు చూసుకుంటే స్కోరు తగ్గుతుందని మీ పక్క షాపతను చెప్పాడట. అది ఉత్తమాట.

ఇక అసలు కథ. నీ బండి లోను పేజీ తియ్యి. కింద నెలనెలకీ చిన్న గడి, గడిలో మూడంకెలు ఉన్నాయి చూశావా? డీపీడీ అంటారు దాన్ని, గడువు దాటి ఎన్ని రోజులైందో ఆ లెక్క. 000 ఉంటే శుభం. నీకు వరసగా 000, 000 వచ్చి, అక్టోబరు గడిలో 026, నవంబరులో 056, మళ్ళీ డిసెంబరు నుంచి 000. నీ వాయిదా తారీఖు 5. అక్టోబరు 5న ఖాతాలో డబ్బుల్లేక వాయిదా తిరిగెళ్ళిపోయింది. నెలాఖరుకి 26 రోజులు. నవంబరు 30కి 56. ఇంకో నెలా నాలుగు రోజులు అలాగే ఉంటే 90 రోజులు నిండి మొండిబాకీల్లో పడేది. డిసెంబరులో తేరుకుని అంతా కట్టావు, బతికిపోయావు.

ఆ రెండు నెలలూ నీకు సంపాదన లేక కాదని నాకు తెలుసు. రొయ్యల చెరువుల వాళ్ళు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ మోటార్లు వైండింగ్ చేయించుకుని, 'రొయ్య పట్టుబడి అయ్యాక ఇస్తాం' అని వెళ్ళిపోయారు. వాళ్ళ డబ్బు రొయ్య అమ్ముడైనప్పుడు వస్తుంది, బ్యాంకుకి మాత్రం ఐదో తారీఖున కావాలి. మన డెల్టాలో అందరి చిక్కూ ఇదే. వరికి ఏడాదికి రెండుసార్లు, చెరువుకి మూడు నాలుగు నెలలకోసారి డబ్బు ముఖం చూస్తాం. వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది. కాబట్టి వాయిదాలకని విడిగా ఒక ఖాతా పెట్టు. ఎవరైనా పట్టుబడి డబ్బు తెచ్చివ్వగానే మూడు వాయిదాలకి సరిపడా అందులో వేసెయ్యి. ఫోన్‌పేకి ఆ ఖాతా తగిలించకు, తగిలిస్తే టీ డబ్బులు కూడా అందులోంచే పోతాయి. వాయిదా తారీఖు మార్చడానికి వీలవుతుందేమో ఫైనాన్సు వాళ్ళని అడుగు. కొందరు ఒప్పుకుంటారు.

రెండోది క్రెడిట్ కార్డు. నీ లిమిట్ 50,000. ప్రతి నెలా 46,000 దాకా రాగి తీగ కొనేస్తున్నావు. గడువులోగా పూర్తిగా కడుతున్నావు కూడా, మెచ్చుకున్నాను. అయినా స్కోరు ఎందుకు తగ్గిందని నీ అనుమానం. బిల్లు తయారైన రోజున ఎంత బాకీ ఉందో సాధారణంగా ఆ అంకే వెళ్తుంది. చూసేవాడికి లిమిట్‌లో నూటికి తొంభై దాకా వాడేసి పీకల్లోతున ఉన్నట్టు కనిపిస్తావు. నూటికి ముప్పై దాటకుండా ఉంటే మంచిదంటారు. నీకైతే 15,000. నీ వ్యాపారానికి అది చాలదు కదా. అంచేత బిల్లు తారీఖుకి రెండు మూడు రోజుల ముందే ముప్పై వేలో ఎంతో కట్టెయ్యి. బిల్లులో చిన్న అంకె పడుతుంది. లిమిట్ పెంచుతామని వాళ్ళంతట వాళ్ళు అడిగితే ఒప్పుకో, కానీ ఖర్చు పెంచకు.

బిల్లులో 'మినిమం డ్యూ' అని చూపే కనీస మొత్తం ఒక్కటే కట్టి ఎప్పుడూ ఊరుకోకు. ఊళ్ళో ఎవరైనా రెండు రూపాయల వడ్డీ అంటే రక్తం తాగుతున్నాడని తిట్టుకుంటాం. కార్డువాడు మిగిలిన బాకీకి నూటికి మూడు, మూడున్నర రూపాయలు వేస్తాడు, అదీ నెలకి. చెమట పట్టని ఏసీ గదిలోంచి వేస్తాడు కాబట్టి మనకి తెలియదు.

మూడో పేజీలో ఎంక్వయిరీలు. ఒక్క జనవరిలోనే ఆరు! బ్యాంకులో కాదనగానే యాప్ తర్వాత యాప్‌లో నొక్కుకుంటూ పోయావు కదూ? నువ్వు అప్పు అడిగిన ప్రతిచోటా వాళ్ళు నీ రిపోర్టు తెరుస్తారు, ఆ తెరిచిన సంగతి కూడా అందులో రాసుంటుంది. ఒక్క వారంలో ఊళ్ళో ఆరుగురి గడప తొక్కినవాణ్ణి చూస్తే ఏడోవాడు ఏమనుకుంటాడు? ఒక ఆరు నెలలు ఏ అప్పూ అడక్కు.

నాలుగోది చూసి నాకు కోపం వచ్చింది. సెల్‌ఫోను లోను పక్కన 'సెటిల్డ్' అని ఉంది. 14,000 బాకీ ఉంటే వసూలుకొచ్చినవాడు 9,000 ఇచ్చెయ్, క్లోజ్ చేసేస్తాం అన్నాడు, నువ్వు సంబరపడి ఇచ్చేశావు. క్లోజ్డ్ వేరు, సెటిల్డ్ వేరు. పూర్తిగా ఇవ్వలేక బేరమాడాడని సెటిల్డ్‌కి అర్థం. ఏళ్ళ తరబడి అది అక్కడే ఉంటుంది. ఆ కంపెనీకి రాతపూర్వకంగా రాసి, మిగిలిన 5,000 కడతాను, ఖాతా క్లోజ్డ్‌గా మార్చి, బాకీ లేదని కాగితం ఇవ్వండని అడుగు. ముందు ఒప్పుకుంటూ జవాబివ్వనీ, అప్పుడు కట్టు.

ఐదోది నీది కానేకాదనుకుంటాను. ఎవరో తీసుకున్న ట్రాక్టరు లోను నీ రిపోర్టులో ఎక్కింది. అన్నవరం దేవుడి పేరు పెట్టుకున్నవాళ్ళు మన వైపు వీధికి నలుగురుంటారు, ఇంటిపేరూ కలిసిందంటే కంప్యూటర్ మాత్రం ఏం చేస్తుంది! పాన్ నంబరు, పుట్టిన తేదీ సరిచూసి, సిబిల్ వెబ్‌సైటులోనే వివాదం నమోదు చెయ్యి. పైసా ఖర్చుండదు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున నీకు ఇవ్వాలి, 2024 ఏప్రిల్ నుంచి ఆ రూలుంది. అప్పటికీ కదలకపోతే ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాద్దాం, ఆ అర్జీ నేను రాసిస్తాను.

ట్రాక్టరు అంటే నా సంగతి గుర్తొచ్చింది. మీ అమ్మకి కూడా ఇంతవరకూ చెప్పలేదు. 2011లో ఒక స్నేహితుడి ట్రాక్టరు అప్పుకి హామీ సంతకం పెట్టాను. బ్యాంకు బయట వేపచెట్టు కింద స్కూటరు సీటు మీద కాగితం పెట్టి, ఎక్కడ పెట్టమంటే అక్కడ ఐదారు సంతకాలు గీకేశాను. ఒక్క లైను చదవలేదు. రోజూ పదిమంది హామీదార్లకి 'చదివి పెట్టండయ్యా' అని చెప్పేవాణ్ణి నేనే! వాడు మూడేళ్ళు కట్టి మానేశాడు. 2014లో రుణమాఫీ అనగానే అన్ని అప్పులూ పోతాయని వాడి నమ్మకం. పంట రుణం వేరు, ట్రాక్టరు వేరు అని ఎంత చెప్పినా వినలేదు. 2017లో మా అమ్మాయి చదువు లోనుకి నేను సహ దరఖాస్తుదారుగా వెళ్తే, మేనేజరు కంప్యూటర్ తెర నావైపు తిప్పాడు. వాడి బాకీ నా పేరు కింద ఎర్రగా ఉంది. మీ అత్త గొలుసు తాకట్టు పెట్టి 68,000 కట్టాక గానీ పని జరగలేదు. వాడు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కనిపిస్తే పలకరిస్తాడు. నేనూ పలకరిస్తాను.

మీ బావమరిది బండి కొంటాడట, హామీ అడిగాడట. నీ ఇష్టం. కాకపోతే సంతకం పెట్టేముందు ఆ వాయిదా నువ్వే కట్టాల్సి వస్తే కట్టగలవా అని లెక్క వేసుకో.

'పదివేలివ్వండి, వారంలో స్కోరు 800 చేస్తాం' అని ఎవడో మెసేజ్ పెట్టాడన్నావు. వాడికి పాన్ గానీ ఓటీపీ గానీ ఇవ్వకు. నిజంగా ఉన్న బాకీని డబ్బు తీసుకుని చెరిపేసే మొనగాడు ఎవడూ లేడు. నీ పాత కార్డు తీసేద్దామన్నావు, అది కూడా వద్దు. ఎనిమిదేళ్ళ నాటిది, నీ లెక్కలో అదే అన్నిటికంటే పాతది, ఆ పాత లెక్కే నీకు బలం.

2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి లెక్క పంపుతున్నాయి కాబట్టి కార్డు బాకీ తగ్గిస్తే నెలా రెణ్ణెల్లలో తేడా కనిపిస్తుంది. ఆ 026, 056 మాత్రం అంత తొందరగా వదలవు. చెరువు పూడ్చి మళ్ళీ వరి వేసిన చేను చూశావుగా, ఉప్పు కడగడానికే రెండు మూడు పంటలు పడుతుంది. ఏడాదిపాటు అన్నీ 000లు పడనీ, తర్వాత ఇంటిలోనుకి వెళ్దువుగాని. నేనూ వస్తాను.

ఆదివారం వచ్చేటప్పుడు సెల్‌ఫోను లోను కాగితాలు ఏమున్నా పట్టుకురా, ఆ ఉత్తరం ఇక్కడే రాసేద్దాం. పిల్లల్ని కూడా తీసుకురా, తాటిముంజలు కొట్టించి ఉంచుతాను. ఈ నెల ఐదో తారీఖు శుక్రవారం వచ్చింది, ఖాతాలో గురువారానికే డబ్బు వేసి ఉంచు.

మీ మావయ్య