ఐ7-7500యు ఉన్నవాళ్లు ఐ3-1215యు తీసుకుంటే వెనకడుగు అవుతుందా?

ఇవి రెండూ ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు (చిప్‌లు). మీ సందేహం రెండు విషయాల దగ్గర ఉంది. ఐ7 వదిలి ఐ3కి దిగుతున్నారు, పైగా పాతదానికి 2.7 గిగాహెర్ట్జ్ అని ఉంటే కొత్తదానికి 1.2 అని ఉంది. ఈ రెండూ చూసి భయపడాల్సిన పని లేదు. 1215యు స్పష్టంగా వేగమైన చిప్. అయితే కొనేముందు మీ పాత ల్యాప్‌టాప్‌లో నిదానానికి ప్రాసెసరే కారణమా అన్నది తేల్చుకోండి.

ఐ3, ఐ5, ఐ7 అన్న మెట్లు ఒకే తరంలో, చివర ఒకే అక్షరం ఉన్న చిప్‌ల మధ్యే పనికొస్తాయి. ఏడో తరం 7500యు 2016 నాటిది: 2 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 4 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు), 4 ఎంబీ క్యాష్ (చిప్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీ), గరిష్ఠ వేగం 3.5 గిగాహెర్ట్జ్. పన్నెండో తరం 1215యు 2022లో వచ్చింది: 2 పెద్ద కోర్లు, 4 చిన్న కోర్లు, మొత్తం 8 థ్రెడ్లు, 10 ఎంబీ క్యాష్, పెద్ద కోర్ల గరిష్ఠ వేగం 4.4. మీరు చూసిన 1.2 పెద్ద కోర్ల బేస్ వేగం (ఎంతసేపైనా నిలబెట్టుకోగల వేగం) మాత్రమే. బ్రౌజర్ తెరిచినా, ఎక్సెల్ షీట్ లెక్కవేసినా చిప్ అక్కడ ఆగదు, క్షణంలో 4 దాటుతుంది. ఇంకో సంగతి, వేర్వేరు తరాల గిగాహెర్ట్జ్‌లను పక్కపక్కన పెట్టి చూడకూడదు. ఏడో తరం కోర్ డిజైన్ 2015 నాటి స్కైలేక్‌దే. పన్నెండో తరం పెద్ద కోర్ ఒక్కో సైకిల్‌లో (క్లాక్ ఒక్క టిక్కులో) దానికంటే చాలా ఎక్కువ పని చేస్తుంది.

ఇంటెల్‌లో యు చిప్‌లకు (తక్కువ కరెంటు వాడే, పలుచని ల్యాప్‌టాప్‌ల రకం) అసలు గీత 2017లో పడింది. ఐ5-8250యు కూడా అదే కోర్ డిజైన్, అదే 15 వాట్లు, కానీ కోర్లు 4, థ్రెడ్లు 8. అందుకే 7500యు పేరుకు ఐ7 అయినా, ఏడాది తర్వాతి ఐ5 చాలా కోర్లు వాడే పనుల్లో దాన్ని సులువుగా దాటేసింది. అదే ఏడో తరంలో ఐ7-7700హెచ్‌క్యూ 45 వాట్ల, 4 కోర్ల చిప్. కాబట్టి చివరి అక్షరాలు చదవకుండా "నాది ఏడో తరం ఐ7" అంటే ఏమీ తెలియదు.

ఇక పరీక్ష. టాస్క్ మేనేజర్ తెరిచి, నిదానంగా అనిపించే పని చేస్తూ చూడండి. డిస్క్ 100 శాతం దగ్గర నిలిచిపోతే లోపల హార్డ్ డిస్క్ ఉండి ఉంటుంది. ఎస్ఎస్‌డీ వేస్తే చాలావరకు తీరుతుంది. మెమరీ 90 శాతం దాటితే ర్యామ్ పెంచాలి. సీపీయూ ఒక్కటే 100లో ఉంటేనే ప్రాసెసర్ గురించి ఆలోచించాలి.

అప్పుడు చార్జర్ పెట్టి, పవర్ మోడ్‌ను బెస్ట్ పర్ఫార్మెన్స్‌కు మార్చి, అప్‌డేట్లు, యాంటీవైరస్ స్కాన్ ముగిశాక సినీబెంచ్ ఆర్23 (ప్రాసెసర్ వేగం కొలిచే ప్రోగ్రామ్) మల్టీ కోర్ టెస్ట్‌ను పూర్తిగా 10 నిమిషాలు నడపండి. పక్కన హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే సెన్సార్ రీడింగ్‌ల ప్రోగ్రామ్‌లో ప్యాకేజ్ పవర్ (చిప్ మొత్తం లాగే వాట్లు), ఉష్ణోగ్రత, క్లాక్ గమనించండి. ఒక్క రౌండ్ స్కోర్‌ను నమ్మొద్దు. కొత్త చిప్‌లు మొదటి అర నిమిషం పాటు బేస్ పవర్‌కు మించి లాగుతాయి, 1215యు పరిమితి 55 వాట్ల దాకా ఉంది. తర్వాత తయారీదారు పెట్టిన పరిమితికి దిగిపోతాయి. ఒకే చిప్ ఉన్న రెండు మోడళ్లు తేడాగా నడిచేది ఇక్కడే: పలుచని బాడీ, ఒకే హీట్ పైపు ఉన్నది ముందే తగ్గిపోతుంది.

పాత ల్యాప్‌టాప్‌లో ఉష్ణోగ్రత 95 పైన ఉండి పవర్ 15 వాట్లకంటే కిందికి పడిపోతే అది చిప్ తప్పు కాదు. ఫ్యాన్ రెక్కల్లో, హీట్ సింక్‌లో దుమ్ము తీయించి, థర్మల్ పేస్ట్ మార్పించి మళ్లీ కొలవండి. క్లాక్ 0.4 లేదా 0.8 దగ్గర ఇరుక్కుపోతే చార్జర్‌ను మదర్‌బోర్డ్ గుర్తించడం లేదేమో, తక్కువ వాట్ల చార్జర్ వాడుతున్నారేమో చూడండి. చాలామంది ఈ స్థితిలోనే ప్రాసెసర్ పాతబడిందని ల్యాప్‌టాప్ అమ్మేస్తారు.

బెంచ్‌మార్క్‌లో కనబడని తేడా ఒకటుంది. ఇంటెల్‌లో ఏవీ1 (కొత్త వీడియో ఫార్మాట్) వీడియోను హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయడం పదకొండో తరం నుంచే మొదలైంది. 7500యులో ఆ భారం కోర్ల మీద పడి ఫ్యాన్ మోగుతుంది. దానికి ముందరి ఫార్మాట్ వీపీ9ను మాత్రం 7500యు హార్డ్‌వేర్‌లోనే చేయగలదు, కాబట్టి బ్రౌజర్‌లో ఏవీ1ను ఆపే ఎక్స్‌టెన్షన్ వేస్తే ఉపశమనం ఉంటుంది. విండోస్ 11 అధికారిక జాబితాలో కూడా 7500యు లేదు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నా దృష్టిలో మార్చడానికి స్పీడ్‌కంటే ఈ సపోర్ట్ సంగతే బలమైన కారణం.

ఏఎండీ వైపు కూడా చూస్తుంటే పేరులోని పెద్ద అంకెను నమ్మకండి. రైజెన్ 5 7520యు 2022లో వచ్చినా అందులో ఉన్నవి 4 జెన్ 2 కోర్లు (జెన్ అంటే ఏఎండీ కోర్ డిజైన్ పేరు, అంకె దాని తరం). అంతకుముందు ఏడాది వచ్చిన 5600యులో 6 జెన్ 3 కోర్లున్నాయి, వేగమూ దానిదే ఎక్కువ. 7000 సిరీస్ ల్యాప్‌టాప్ చిప్‌లలో మూడో అంకె ఏ జెన్ అన్నది చెబుతుంది: 7520లో 2, 7530లో 3, 7840లో 4.