కళ్ళతో నడిచే కంప్యూటర్ సరే, ముందు గొంతు సంగతి చూడండి

ప్రశ్న: మా తమ్ముడి వయసు 27. రైసు మిల్లులో అకౌంట్లు రాసేవాడు. పోయిన వేసవిలో డాబా మీద పడుకుని, నిద్రమత్తులో లేచి పిట్టగోడ మీదుగా కింద పడ్డాడు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిందని, సి4 స్థాయి (మెడలో పైనుంచి నాలుగో మెట్టు) అని డిశ్చార్జి కాగితంలో రాశారు. ఆపరేషన్ అయి ఎనిమిది నెలలైంది. భుజాలు కొద్దిగా ఎగరేస్తాడు, మెడ తిప్పుతాడు. చేతులు, కాళ్ళు కదలవు. గొంతుకు పెట్టిన గొట్టం రెండు నెలల కిందట తీసేశారు. మాట వస్తోంది గానీ చాలా సన్నగా ఉంది. కళ్ళతో చూస్తే కంప్యూటర్ నడిచే యంత్రం ఉందని ఒక కంపెనీ వారు వచ్చి చూపించారు. రెండున్నర లక్షలట. చీటీ పాడి కొందామనుకుంటున్నాం. కొనవచ్చా? దాని కిరణాల వల్ల కళ్ళకు ప్రమాదమా? మెదడులో చిప్ పెడితే అన్నీ చేసుకోవచ్చంటున్నారు, అదీ నిజమేనా?
— ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ఈ నెల చీటీ పాడకండి. ఆ యంత్రం మోసమని కాదు. మీ తమ్ముడికి ప్రస్తుతం దానికన్నా చవకైన దారులు రెండు మూడు ఉన్నాయి, వాటిని ఇంకా ఎవరూ పరీక్షించినట్టు లేదు.

కంటిగుడ్లను కదిలించే నరాలు వెన్నుపాములోంచి రావు, నేరుగా మెదడు కాండం (మెదడు అడుగు భాగం) నుంచి వస్తాయి. అందుకే మెడ విరిగి చేతులు, కాళ్ళు చచ్చుబడినా చూపు ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. కంపెనీ వారు ఈ మాట చెప్పే ఉంటారు. వారు చెప్పకుండా వదిలేసింది ఒకటుంది. ముఖం, నాలుక, స్వరపేటికల నరాలదీ అదే పుట్టుక. అంటే మీ తమ్ముడికి కళ్ళే కాదు, మాటా, ముఖమూ, మెడా కూడా మిగిలాయి. కండరాలను నడిపే నరాలు క్రమంగా చచ్చుబడే మోటార్ న్యూరాన్ జబ్బులోనూ, మెదడు కాండానికి పక్షవాతం వచ్చినప్పుడూ మాట పోయి కళ్ళు మిగులుతాయి. ఈ యంత్రం అసలు అవసరం అటువంటివారిది. మాట ఉన్న మనిషి చేత కళ్ళతో అక్షరాలు ఏరించడం, నడవగలిగేవాణ్ణి మోసుకెళ్ళడం లాంటిది. (ఆ మోటార్ న్యూరాన్ జబ్బుతోనే మాట పోయిన శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ కళ్ళతోనే మాట్లాడేవారని చాలామంది నాతో అంటుంటారు. కాదు. ఆయన బుగ్గ కండరాన్ని కదిలిస్తే కళ్ళద్దాలకు బిగించిన సెన్సార్ పసిగట్టేది.)

కిరణాల గురించి అడిగారు. తెర కింద అమర్చే ఆ పట్టీలోంచి కంటికి కనిపించని పరారుణ కాంతి వస్తుంది. కంటి ముందుండే పారదర్శకపు పొర మీద పడి మెరిసే ఆ చుక్కను కెమెరా పట్టుకుని చూపు ఎటుందో లెక్క కడుతుంది. కాంతి మోతాదు భద్రతా పరిమితులకు లోబడే ఉంటుంది, భయం అక్కర్లేదు. రెప్ప వేయకుండా గంటల తరబడి చూడటం వల్ల కళ్ళు పొడిబారి మండటమే అసలు బాధ. పైగా కన్ను చూడటానికి పుట్టింది గానీ నొక్కడానికి కాదు. ఒక బొత్తాం మీద చూపు అర సెకను నుంచి సెకను నిలిస్తే యంత్రం దాన్ని నొక్కేస్తుంది. ఊరికే అటు చూసినా నొక్కుకుపోతుంది! తెలుగులో ఇంకో తిప్పలు. 'స్త్రీ' అనడానికి స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అంటూ ఆరుసార్లు గురి పెట్టాలి. ఒక ఉత్తరం పూర్తయ్యేసరికి ఎంత ఓపికస్తుడికైనా విసుగు పుడుతుంది.

అదే గొంతుతో అయితే ఫోను కీబోర్డులో మైకు గుర్తు తాకించి తెలుగులోనే చెబితే అక్షరాలు వాటంతటవే పడతాయి. మీ తమ్ముడి స్వరం సన్నగా ఉండటానికి కారణం స్వరపేటిక చెడిపోవడం కాకపోవచ్చు. పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట కండరాలు పనిచేయక ఊపిరి చాలదు. కూర్చోబెట్టినప్పుడు పొట్టకు వెడల్పాటి బెల్టు కడితే చాలామందికి స్వరం పెరుగుతుంది. ఎంత బిగువుగా, ఎంతసేపు కట్టాలో ఫిజియోథెరపిస్టు దగ్గర చూసి నేర్చుకోండి. గొట్టం ఉన్నచోట శ్వాసనాళం ఇరుకైందేమో ఒకసారి ఈఎన్‌టీ డాక్టర్‌కు కూడా చూపించండి. నోటి దగ్గరకు వచ్చే మైకు ఉన్న హెడ్‌సెట్ కొంటే సన్నని గొంతు కూడా ఫోనుకు అందుతుంది.

మౌస్ సంగతికి వస్తే, మెడ తిరుగుతోందన్నారు గదా. ల్యాప్‌టాప్ కెమెరా ముఖాన్ని గమనిస్తూ, తల కదిలిన వైపు బాణం గుర్తును జరిపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఈవయాక్యామ్, కెమెరా మౌస్ అనే రెండూ ఉచితమే. ఆపరేషన్ చేసిన సర్జన్ మెడ కదలికకు అనుమతి ఇచ్చాక రోజుకు పావుగంటతో మొదలుపెట్టించండి. అతను అకౌంట్లు తెలిసినవాడు. ట్యాలీలో అంకెలు వేయడానికి తెర మీది అంకెల పలక, తల కదలిక చాలు. మిల్లు వారితో ఒకసారి మాట్లాడి చూడండి. ఇంట్లో కూర్చుని రోజుకు రెండు గంటల పని దొరికినా అతనికి అది మందు కన్నా ఎక్కువ.

మరి కంటి యంత్రం ఎప్పుడు? వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు, ఛాతీలో నెమ్ము చేరి మాట పోయినప్పుడు, సాయంత్రానికి మెడ అలిసిపోయినప్పుడు. అందుకని అసలు పనికిరాదనను, రుచి చూసి నిర్ణయించుకోండి అంటాను. బంధువుల్లో ఎవరి దగ్గరైనా ఐఫోన్ 12 గానీ ఆ తర్వాతి మోడల్ గానీ ఉంటే వారం రోజులు అడిగి తీసుకోండి. 2024లో వచ్చిన ఐఓఎస్ 18 (ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) నుంచి ముందు కెమెరాతోనే చూపును పట్టే సదుపాయం అందులో ఉంది. ఫోనును చేత్తో పట్టుకోకుండా స్టాండుకు బిగించి, ముఖానికి అడుగున్నర దూరంలో పెట్టండి. ముఖం మీద కిటికీ ఎండ పడనివ్వకండి. మంచం మీద వెల్లకిలా ఉన్నప్పుడు ఒకసారి, కుర్చీలో ఒకసారి చూడండి, రెండింటికీ తేడా మీకే తెలుస్తుంది. ఇదే లక్షల యంత్రంతో సమానం కాదు, కానీ అతని కళ్ళు ఈ పనికి ఓర్చుకుంటాయో లేదో తేలిపోతుంది. కంపెనీ వారిని కూడా పదిహేను రోజులు ఇంట్లో పెట్టి వెళ్ళమనండి. ఒప్పుకోకపోతే మీ సమాధానం మీకు దొరికినట్టే.

తొందరపడవద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇలాంటి గాయం తర్వాత తొలి ఏడాదిలో కొందరికి ఒక మెట్టు కింది కండరాలు మేలుకుంటాయి. మోచేయి మడవడం వస్తే ఎంచుకోవలసిన పరికరమే మారిపోతుంది.

చిప్ విషయం రెండు ముక్కల్లో చెబుతాను. 2024 జనవరిలో అమెరికాలో న్యూరాలింక్ సంస్థ తొలిసారి చిప్ అమర్చింది మెడ వెన్నుపాము దెబ్బతిన్న యువకుడికే. అతను ఆలోచనతో బాణం గుర్తును కదిలించాడు. అది ప్రయోగం, మీరు కొనుక్కునే వైద్యం కాదు.

ప్రభుత్వ పింఛను రాకపోతే వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరంలో పేరు నమోదు చేయించండి. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాత బాధితులకు ఆంధ్రప్రదేశ్‌లో 2024లో నెలకు 15,000 రూపాయలు చేశారు.

మీరు అడగనిది ఒకటి చెప్పి తీరాలి. కంప్యూటర్ కన్నా ముందు అతనికి రాత్రిపూట మిమ్మల్ని లేపగలిగే గంట కావాలి. తల కాస్త తిప్పితే బుగ్గకు తగిలి మోగే మెత్తని స్విచ్చును ఎలక్ట్రీషియన్ చేతే చేయించుకోవచ్చు. ఎందుకంటే, ఛాతీ మధ్య భాగానికి పైన వెన్నుపాము దెబ్బతిన్నవారిలో మూత్రం పైపు మడతపడినా, మలబద్ధకం అయినా బీపీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు దాని గుర్తులు. వీరికి మామూలుగా బీపీ పై అంకె 90, 100 దగ్గర ఉంటుంది, కనుక 140 కనిపిస్తే 'పరవాలేదులే' అనుకోవద్దు. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి కాళ్ళు కిందికి వేలాడదీయండి. పొట్ట బెల్టు, బిగుతు బట్టలు వదులు చేయండి. పైపు మడతలు సరిచేసి, సంచి నిండిందేమో చూడండి. కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే ఆస్పత్రికి బయలుదేరండి. వెళ్ళగానే అక్కడి డాక్టర్‌కు మొదట సి4 గాయం అని, తర్వాతే తలనొప్పి అని చెప్పండి.