సగం చదివిన పుస్తకం మీద మాట: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: లైబ్రరీలో పరిచయమైన పదిమందిమి ఓ వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఎవరు ఏది చదువుతుంటే దాని గురించి వారానికోసారి నాలుగు ముక్కలు రాయాలి. తీరా రాయబోతే "బాగుంది", "సాగదీశాడు" తప్ప నాకు ఇంకేమీ తోచదు. ప్రస్తుతం రావిశాస్త్రి గారి 'అల్పజీవి' సగంలో ఉన్నాను. అదీ సాగదీసినట్టే ఉంది. ఏం రాయమంటారు?
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు ఎక్కడున్నారో చెప్పండి. "సగంలో" అంటే చాలదు. పాత నవలలు నలుగురైదుగురు ప్రచురణకర్తల దగ్గర నుంచి వచ్చి ఉంటాయి, ఒకరి ప్రతిలో 90వ పేజీ ఇంకొకరి ప్రతిలో 120 కావచ్చు. అందుకని పేజీతో పాటు కథలో ఏ ఘట్టం దగ్గర ఆగారో ఒక్క మాటలో రాయండి. అప్పుడు ఆ పుస్తకం చదివినవాళ్ళు మీకు ఎంతవరకు తెలుసో చూసుకుని మాట్లాడతారు.

ఇక "సాగదీశాడు" అన్న మాట. దాన్ని అనే ముందు ఓ చిన్న పరీక్ష పెట్టండి. ఏదైనా పది పేజీలు తీసుకుని, అందులో కథాకాలం ఎంత గడిచిందో చూడండి. పదేళ్ళా, ఒక సాయంత్రమా, అరగంటా? తర్వాత ఒకే ఒక్క పేజీ తీసుకుని పెన్సిల్‌తో ప్రతి పంక్తి పక్కన గుర్తు పెట్టండి: సంభాషణకు 'స', ఎవరైనా ఏదైనా చేస్తే 'ప', ఆలోచనకు 'ఆ', వర్ణనకు 'వ'. మామూలు సైజు పుస్తకంలో పేజీకి 30 పంక్తులు వేసుకుందాం. అందులో 20 పైన 'ఆ' వచ్చాయంటే ఆ నవల నడిచేదే బుర్రలో అన్నమాట. 'అల్పజీవి' అలాంటిదే. సుబ్బయ్య పిరికి గుమాస్తా. బయట ఎవరో ఓ మాటంటారు, లోపల ఆ మాట పుట్టలా పెరుగుతుంది. విమర్శకులు చైతన్య స్రవంతి అనేది ఈ పద్ధతినే.

అలాంటి పుస్తకంలో సంఘటనలు తక్కువని ఫిర్యాదు చేస్తే మీ మాట తేలిపోతుంది. అడగాల్సింది వేరే: ఆ ఆలోచన కదులుతోందా, ఉన్నచోటే తిరుగుతోందా? నలభయ్యో పేజీలోని భయానికీ ఎనభయ్యో పేజీలోని భయానికీ తేడా చూపించగలిగితే సాగదీత కాదు. ఆ రెండు పేరాలనూ అటుదిటు, ఇటుదటు మార్చి పెట్టినా ఏమీ తెలియకపోతే, అప్పుడు ధైర్యంగా "సాగదీశాడు" అనండి. రుజువు మీ చేతిలోనే ఉంది.

సగంలో ఉన్నప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు మూడు రకాల మాటల్ని కలిపేయడం: పుస్తకంలో జరిగింది, మనకు అనిపించింది, ముందు జరుగుతుందని మనం ఊహించింది. వీటిని విడదీస్తే అయిదు వాక్యాలు వాటంతటవే వస్తాయి. నమూనాకు:

"సగం దాటాను. ఇప్పటిదాకా బయట జరిగింది కొంచెం, సుబ్బయ్య లోపల జరిగింది కొండంత. మొదట్లో జాలేసింది, ఇప్పుడు విసుగొస్తోంది. ఆ విసుగు రచయిత కావాలనే తెప్పిస్తున్నాడేమోనని అనుమానం. ఇతను ఒక్కసారైనా ఎదురు తిరుగుతాడని నా ఊహ. చదివినవాళ్ళు దయచేసి అవునని గానీ కాదని గానీ చెప్పొద్దు."

ఆ చివరి వాక్యం మరిచిపోకండి. గ్రూపుల్లో సగం గొడవలు అది రాయకపోవడం వల్లే.


ప్రశ్న: ఎనభైల నాటి వారపత్రిక సీరియల్ ఒకటి పుస్తకంగా దొరికింది. ప్రతి ప్రకరణం చివర తలుపు చప్పుడో, కెవ్వుమన్న కేకో. చెప్పిందే మళ్ళీ చెప్పడం ఒకటి. ఇంత పేరున్న రచయితకి ఇది లోపం కాదా?
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: వారానికి నాలుగైదు పేజీలు చదివే పాఠకుడి కోసం రాసినదాన్ని మీరు ఒక్క ఆదివారంలో చదువుతున్నారు. ఏడు రోజుల్లో మనిషి పేర్లు మరిచిపోతాడు. అందుకే భాగం మొదట్లో "నిన్న రాత్రి ఆమె చూసిన ఉత్తరం ఇంకా కళ్ళముందే ఉంది" లాంటి వాక్యం పడుతుంది. వచ్చేవారం పత్రిక కొనిపించాలి గనక చివర్లో కేక పడుతుంది. ఆ రెంటినీ పట్టుకుంటే పాత సంచిక ఎక్కడ ముగిసిందో, కొత్తది ఎక్కడ మొదలైందో మీరే గీత గీయగలరు. అతుకులు కనబడ్డాక రోజుకు రెండు మూడు భాగాలు మించకుండా చదివి చూడండి, విసుగు చాలావరకు తగ్గుతుంది.

అలాగని అన్నిటికీ సీరియల్ పేరు చెప్పి మాఫీ చేయక్కర్లేదు. మూడో భాగంలో బావగారు పదో భాగంలో మరిదైపోవడం, ఆర్నెల్ల గర్భం ఏడాది సాగడం, మధ్యలో పుట్టిన పాత్ర అయిపూ అజా లేకుండా పోవడం అచ్చంగా లోపాలే. పుస్తకంగా వేసేటప్పుడు దిద్దుకునే అవకాశం రచయితకు ఉంది. దిద్దుకోకపోతే అనండి, తప్పు లేదు. కేకలు మాత్రం వదిలేయండి.


ప్రశ్న: మా వాడు ఇంటర్ చదువుతున్నాడు. ఎప్పుడు చూసినా మాంగా పుస్తకాలే, అవేవో జపాన్ కామిక్స్ అట. వాడితో మాట కలుపుదామని ఒకటి తెరిస్తే తలా తోకా తెలియలేదు. "బొమ్మలు బాగున్నాయి రా" అంటే "అంతేనా అమ్మా?" అన్నాడు. ఇంకేం చెప్పాలి? వయసుకు తగినదో కాదో ఎలా తెలుస్తుంది?
– ఓ తల్లి, బెంగళూరు

జవాబు: తలా తోకా తెలియకపోవడానికి కారణం చాలా సాదా. మాంగా కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. మన లెక్కలో వెనక అట్ట దానికి ముందు అట్ట. పేజీలో కుడివైపు పైగడి మొదటిది, అక్కణ్ణుంచి ఎడమకు, తర్వాత కింది వరసలో మళ్ళీ కుడి నుంచి. ఒకే గడిలో రెండు మాటల బుడగలుంటే కుడివైపుది ముందు. మన అలవాటులో చదివితే ప్రశ్న కన్నా జవాబు ముందొస్తుంది, దెబ్బ తగిలాక చెయ్యి లేస్తుంది. పది పేజీలు ఓపిక పడితే కంటికి అలవాటైపోతుంది.

పాశ్చాత్య దేశాల్లో మొదట్లో ఈ బాధ లేకుండా పేజీలను అద్దంలోలా తిప్పి అచ్చు వేసేవారు. దాంతో కత్తియోధులంతా ఎడమచేతి వాటం వాళ్ళయ్యారు. జపాన్ వాళ్ళ సంప్రదాయ దుస్తు కిమోనోకు ఎడమ అంచు పైకి రావాలి, కుడి అంచు పైకి వేసేది శవానికి. తిప్పిన బొమ్మల్లో బతికున్నవాళ్ళంతా శవాల్లా కట్టుకుని కనిపించారు. ఇప్పుడు దాదాపు అందరూ కుడి నుంచి ఎడమకే వేస్తున్నారు.

నలుపు తెలుపుల్లో ఎందుకుందని అడగబోతారేమో: ఇవి ముందు చౌక కాగితం మీద అచ్చయ్యే లావుపాటి పత్రికల్లో వస్తాయి. వారపత్రికైతే ఒక్కో కథకు సుమారు 20 పేజీలు. అలాంటి భాగాలు తొమ్మిదీ పదీ కలిపితే మీ చేతిలోని 200 పేజీల సంపుటి. అంటే ఇందాకటి గుంటూరు పాఠకుడికి చెప్పిన సీరియల్ సంగతులన్నీ దీనికీ వర్తిస్తాయి.

ఇక బొమ్మల గురించి మాట. "ఎంత బాగా గీశాడు" అన్నది పక్కన పెట్టి, ఒక పేజీ తెరిచి ఇవి చూడండి. గళ్ళు ఎన్ని? అన్నీ ఒకే సైజా, ఒకటి మాత్రం సగం పేజీ ఆక్రమించిందా? మాటల్లేని గడి ఉందా? పేజీ తిప్పగానే ఎదురయ్యే మొదటి గడిలో ఏం పెట్టాడు? కామిక్స్ గీసేవాళ్ళు గుట్టును తిప్పే పేజీ వెనకే దాస్తారు, ఎదురెదురు పేజీల్లో పెడితే కన్ను ముందే దొంగిలించేస్తుంది.

తర్వాత గడికీ గడికీ మధ్య ఖాళీ. అసలు కథ నడిచేది అక్కడే. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో కామిక్స్ మీద కామిక్స్ రూపంలోనే రాసిన పుస్తకంలో ఈ దాటుళ్ళను ఆరు రకాలుగా విడగొట్టాడు: క్షణం నుంచి క్షణానికి, పని నుంచి పనికి, మనిషి నుంచి మనిషికి, చోటు నుంచి చోటుకు, ఒకే చోటులోని ఒక అంశం నుంచి ఇంకో అంశానికి, చివరిది పొంతనే లేనిది. అమెరికన్ కామిక్స్‌లో రెండోది మెండు. అయిదోది జపాన్ వాళ్ళ దగ్గర ఎక్కువ కనిపిస్తుందని అతనే లెక్కలు వేసి చూపించాడు. ఉదాహరణకు వాన పడుతున్న ఇల్లు అనుకోండి. ఒక గడిలో చూరు, ఒకదాన్లో తడిసిన చెప్పులు, ఒకదాన్లో సగం తాగిన టీ, ఒకదాన్లో కిటికీ దగ్గర అమ్మాయి మెడ. నాలుగు గళ్ళలోనూ కాలం కదల్లేదు, మీరు మాత్రం ఆ గదిలోకి వెళ్ళిపోయారు. మీవాడి పుస్తకంలో ఇలాంటి పేజీ ఒకటి వెతికి, "ఇక్కడ నాలుగు గళ్ళు వాడాడు, ఒక్కటి చాలేది కదా, ఎందుకంటావ్?" అని అడగండి. సంభాషణ మీరు ఆపినా ఆగదు.

వయసు సంగతి: షోనెన్, సేనెన్ అన్నవి కథ రకాలు కావు, అది ఏ పాఠకుల పత్రికలో వచ్చిందో చెప్పే గుర్తులు. మొదటిది మగపిల్లలకు, రెండోది వయసొచ్చిన మగవాళ్ళకు. ఇంగ్లీషు అనువాదాల్లో చాలావాటికి అట్ట మీద టీన్ అనో మెచ్యూర్ అనో వయసు సూచన ఉంటుంది. అయితే మొదటి సంపుటి చూసి మొత్తానికి తీర్పు చెప్పకండి. పిల్లల కథగా మొదలై పదో సంపుటికల్లా నెత్తురోడేవి ఉన్నాయి.


ప్రశ్న: చందమామ కామిక్సేనా? మా ఇంట్లో పందెం నడుస్తోంది.
– ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: కాదు, బొమ్మలు వేసిన కథల పత్రిక. పరీక్ష సులువు: బొమ్మను చేత్తో మూసి చదవండి. కథ పూర్తిగా అర్థమైతే అది బొమ్మ వేసిన కథ, అర్థం కాకపోతే కామిక్స్. 1947లో మొదలైన చందమామలో శంకర్ గారి భేతాళుడి బొమ్మ మూసినా విక్రమార్కుడి కథకు లోటేమీ రాదు, మన బాల్యానికి లోటొస్తుంది గానీ. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర్ చిత్ర కథ కామిక్సే. 32 పేజీల్లో మహావీరుడి జీవితమంతా ఇరికించాలి గనక గడి పైన వ్యాఖ్యానం ఎక్కువ. బొమ్మలో రాజు గుర్రమెక్కుతుంటే పైన "రాజు గుర్రమెక్కాడు" అని రాసిన గళ్ళు కొల్లలు. వాటి మీద అభిప్రాయం రాసేటప్పుడు ఈ రెట్టింపు పనిని పట్టించుకోండి.


ప్రశ్న: 'చిల్లర దేవుళ్లు' మొదలుపెట్టాను. నేను పుట్టి పెరిగింది ఇక్కడే, తెలుగు చదవడం అమ్మ నేర్పింది. పంక్తికో తెలియని మాట. నిఘంటువు చూస్తూ పోతే రోజుకు మూడు పేజీలు దాటడం లేదు.
– ఓ పాఠకురాలు, డాలస్

జవాబు: నిఘంటువు మూసేయండి. తెలియని మాట కింద చిన్న చుక్క పెట్టి ముందుకు పోండి. అదే మాట మూడోసారి ఎదురైతే అప్పుడు అర్థం వెతకండి, లేదా అమ్మకు ఫోన్ చేయండి. మొదటి రెండుసార్లలోనే చాలా మాటలు సందర్భాన్ని బట్టి తేలిపోతాయి. గడీ (దొర ఉండే కోటలాంటి ఇల్లు), దొర, వెట్టి (కూలి లేని చాకిరీ), ఆడబాప లాంటివి మాత్రం ముందే తెలుసుకోవాలి. అవి నిజాం నాటి తెలంగాణలో ఓ వ్యవస్థ పేర్లు, ఒట్టి మాటకు అర్థం తెలిస్తే సరిపోదు. దొరగారి ఇంట్లో పెళ్ళికూతురి వెంట అత్తవారింటికి పంపే దాసి ఆడబాప అని తెలియకపోతే నవలలో సగం బాధ మీకు అందదు. సంభాషణలు పైకి చదవండి. కంటికి కొరుకుడు పడనిది చెవికి ఎక్కుతుంది.


ప్రశ్న: మాస్కో వాళ్ళు వేసిన పాత రష్యన్ అనువాదం చదువుతున్నాను. ఒక్కొక్కరికి నాలుగేసి పేర్లు. శైలి కృతకంగా ఉందని రాయొచ్చా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: పేర్లకు మందు: అట్ట లోపల ఓ చీటీ అంటించండి. సొంత పేరు, తండ్రి పేరు మీద వచ్చేది, ఇంటి పేరు, ముద్దుపేరు అని నాలుగు గళ్ళు. దొస్తొయెవ్‌స్కీ 'నేరము - శిక్ష' నవలా నాయకుణ్ణే చూడండి: రోద్యోన్, రమానొవిచ్, రస్కోల్నికొవ్, రోద్యా ఒక్కడే. తండ్రి పేరు కలిపి పిలిస్తే మర్యాద, ముద్దుపేరుతో పిలిస్తే చనువు. ఎవరు ఎప్పుడు ఏది వాడారో చూస్తే అదో కథ.

శైలి కృతకమని రాయొచ్చు, అయితే "అనువాదం" అన్న మాట ముందు చేర్చండి. ఆ వాక్యం రష్యన్ రచయితదో తెలుగు అనువాదకుడిదో మీకు తెలిసే మార్గం లేదు. ఇంగ్లీషు మీదుగా వచ్చిన పుస్తకమా అన్నది లోపలి పేజీలో వెతకండి. రష్యన్‌లో మనలాగే నువ్వు, మీరు తేడా ఉంది, ఇంగ్లీషులో పోతుంది. ఇద్దరు ప్రేమికులు ఎప్పుడు మీరు నుంచి నువ్వులోకి దిగారో అనువాదకుడు ఊహించుకుని పెట్టాల్సిందే.


ప్రశ్న: వంద పేజీలు చదివినా ఎక్కలేదు. ఆపేస్తే తప్పా? ఆపేసి విమర్శించొచ్చా?
– ఓ పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఆపేయండి. విమర్శించండి, ఎన్నో పేజీ దగ్గర ఆపారో రాసి మరీ. ముగింపు గురించి మాత్రం నోరెత్తకండి.


ప్రశ్న: ఫోన్‌లో కామిక్స్ చదివి అభిప్రాయం రాస్తే "నువ్వు అసలు పుస్తకమే చూడలేదు" అన్నారు. నిజమా?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కొంత నిజం. ఆరంగుళాల తెరలో గడి తర్వాత గడి చూపించే పద్ధతి పెట్టుకుంటే పేజీ అమరికే కనబడదు. చిత్రకారుడు పక్కపక్కన ఉంచిన పెద్ద గడీ, చిన్న గడీ మీకు ఒకే సైజులో వస్తాయి. ఎదురెదురు పేజీల మీద పరుచుకున్న ఒకే బొమ్మ నిలువునా తెగిపోతుంది. ముందు మొత్తం పేజీని ఒక్క క్షణం చూసి, అప్పుడు దగ్గరికి లాక్కుని మాటలు చదవండి. రెండు పేజీల బొమ్మ వచ్చినప్పుడు ఫోన్ అడ్డంగా తిప్పండి. పది అంగుళాల ట్యాబ్ ఉంటే ఈ అవస్థలేవీ లేవు. కొరియా వెబ్‌టూన్ల సంగతి వేరు. అవి ఫోన్ కోసమే నిలువుగా కిందికి గీసినవి, గళ్ళ మధ్య తెల్ల ఖాళీ ఎంత పొడవుంటే అంత ఆలస్యమన్నమాట. వాటిని కాగితం మీద వేస్తే ఆ ఖాళీలన్నీ కుదించాల్సి వస్తుంది, నష్టపోయేది పుస్తకం కొన్నవాళ్ళు. అభిప్రాయం రాసేటప్పుడు దేని మీద చదివారో పేజీ సంఖ్య పక్కనే వేయండి.